‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే ఎంతమంది?

ఎనభైల్లో సిద్దిపేటలో ఇంగ్లీషు అర్జీ రాయించుకోవాలంటే అందరూ దస్తగిర్ దగ్గరికే పోయేవారు. తాలూకా కచేరి ప్రహరీ గోడకు ఆనుకుని నాలుగు రేకులు, వాటి కింద ఒక టేబులు, దాని మీద పాత టైపు మిషను, రెండు కుర్చీలు. ఒకటి ఆయనది, ఒకటి వచ్చినవాళ్లది. ముగ్గురొస్తే ఇద్దరు నిలబడాల్సిందే. అయినా పొద్దున పది నుంచి సాయంత్రం కచేరి తలుపులు వేసేదాకా అక్కడ జనం తగ్గేవారు కాదు.

నేను అక్కడి డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మాది జనగామ వైపు. డెబ్బై తొమ్మిదిలో ఉద్యోగం మీద సిద్దిపేట వచ్చి కిరాయి ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఇంటాయన నా ఉద్యోగం సంగతి విని, “ఇంగ్లీషు సారా? మా దస్తగిర్‌ను చూసిన్రా? ఆయనకు అన్నీ వస్తయి” అన్నాడు. ఎమ్మే చదివినవాణ్ణి కదా, నాకు ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ఆయనేమిటో చూద్దామని మర్నాడే ఏదో కాగితం టైపు చేయించే నెపంతో పోయాను.

సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. తెల్ల చొక్కా. కార్బన్ కాగితాలు పట్టీ పట్టీ వేళ్ల కొసలు ఎప్పుడూ నీలంగా ఉండేవి. తండ్రి ఎడ్ల కాళ్లకు లాడాలు కొట్టేవాడు. దస్తగిర్ ఉర్దూ మీడియంలో ఎనిమిదో తరగతితో చదువు ఆపి, ఒక వకీలు దగ్గర ఫైళ్లు మోసే పనికి కుదిరాడు. ఆ వకీలు రాసి పారేసిన చిత్తు కాగితాలు ఇంటికి తెచ్చుకుని, వాక్యాలకు వాక్యాలే కంఠస్థం చేశాడు. అట్లా ఇంగ్లీషు నేర్చుకున్నాడు. వ్యాకరణం తెలియదు. కానీ ఏ వాక్యం ఎక్కడ వాడాలో తెలుసు. నేనిచ్చిన కాగితంలో నేను వదిలేసిన ఒక ‘ద’ ఆర్టికల్‌ను ఏమీ అనకుండా చేర్చి టైపు కొట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చాక చూసుకుని సిగ్గుపడ్డాను. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం.

ఆయనకు గర్వం లేదని చెప్పను. ఉంది. ఇంకొకరిని అర్థం అడగడం ఆయనకు చేతనయ్యేది కాదు. టేబులు సొరుగులో అట్టలూడిన డిక్షనరీ ఒకటి ఉండేది. ఎవరూ లేనప్పుడు తీసి చూసుకుని మళ్లీ లోపల పెట్టేవాడు.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో డాక్టర్ సులోచన అనే ఆమె హైదరాబాదు నుంచి మిరుదొడ్డి వచ్చింది. ఆమె మేనత్తది ఆ ఊరు. ఏదో శుభకార్యానికని వచ్చి, రెండు రోజులు ఉండి, అక్కడ బీడీలు చేసే ఆడవాళ్లను చూసింది. మిరుదొడ్డిలో చాలా ఇళ్లలో ఆడవాళ్లు పొద్దున వంట కాగానే ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకు లేస్తారు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. తంబాకు దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోతూనే ఉంటుంది. డాక్టరమ్మ అక్కడ కూర్చుని కొందరి ఛాతీ పరీక్ష చేసింది. వెనక్కి పోయాక సిద్దిపేటలోని వ్యాపారుల సేవా సంఘానికి ఇంగ్లీషులో నాలుగు పేజీల ఉత్తరం రాసింది. మీరు ఒక జీపు, మందులు ఏర్పాటు చేస్తే వారానికొకసారి వచ్చి చూస్తాను, నాకు ఫీజు ఏమీ వద్దు అని దాని సారాంశం.

సంఘానికి అధ్యక్షుడు బట్టల దుకాణం నాగేశం. మంచి మనిషే. ఇంగ్లీషు రాదు. ఆ ఉత్తరం దస్తగిర్‌కు పంపి తెలుగులో రాసిమ్మన్నాడు.

ఉత్తరం రెండో పేజీలో, తాను చూసిన ఆడవాళ్లలో ఎంతమందికి నెలల తరబడి తగ్గని దగ్గు ఉందో చెప్పే వాక్యం ఒకటి ఉంది. ఆ ‘ఎంతమంది’ అన్న చోట డాక్టరమ్మ అంకె వేయలేదు. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అని రాసింది.

దస్తగిర్ ఆ మాట దగ్గర కాసేపు ఆగాడట. ఆయన ఏ ఇంగ్లీషు మాటనైనా ముందు ఇంటి భాషలో అనుకుని, ఆ తర్వాత తెలుగు చేసేవాడు. ఫ్యూ అంటే థోడే. క్వైట్ అంటే బిల్కుల్. ‘క్వైట్ రైట్’ అంటే బిల్కుల్ సహీ అని వకీలు నోట వందసార్లు విన్నాడు. కాబట్టి బిల్కుల్ థోడే. తెల్ల కాగితం మీద తన ముత్యాల్లాంటి అక్షరాలతో “నేను చూసిన స్త్రీలలో బొత్తిగా కొద్దిమందికి మాత్రమే దీర్ఘకాలపు దగ్గు కలదు” అని రాశాడు. ఆ ‘మాత్రమే’ అసలు ఉత్తరంలో లేనే లేదు. వాక్యం నిండుగా ఉంటుందని తనే చేర్చాడు.

సంఘం సమావేశంలో నాగేశం ఆ తెలుగు కాగితం చదివి వినిపించాడు. బొత్తిగా కొద్దిమందికైతే జీపెందుకు, ఆ నలుగురిని బస్సెక్కించి ఇక్కడి దవాఖానకు తీసుకొస్తే సరిపోతుంది కదా అని అందరూ అన్నారు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. వాళ్ల ముందున్న కాగితం ప్రకారం అది సబబైన మాటే. ఆ ఏడు సంఘం బస్టాండులో చలివేంద్రం పెట్టింది. డాక్టరమ్మకు, మా వల్ల కాదు, మన్నించండి అని రెండు వాక్యాల ఇంగ్లీషు ఉత్తరం పోయింది. దాన్ని టైపు కొట్టింది కూడా దస్తగిరే. వీళ్లకు స్తోమత లేదు కాబోలనుకుని ఆమె ఊరుకుంది.

ఆ ఏడు వానకాలంలో ఒకనాడు పొద్దున్నే దస్తగిర్ మా ఇంటికొచ్చాడు. అంతకుముందు ఆయన ఎన్నడూ మా గడప తొక్కలేదు. చేతిలో ఇంగ్లీషు పేపరు మడత. ఖుతుబుద్దీన్ హోటల్లో రోజూ ఛాయ్ తాగుతూ పేపరు చదవడం ఆయన అలవాటు. ఆ రోజు చదువుతూ చదువుతూ పేపరు చేత పట్టుకుని లేచి వచ్చేశాడు. ఛాయ్ తాగనే లేదని తర్వాత ఖుతుబుద్దీన్ చెప్పాడు.

“సార్, ఒక మాట అడగాలె” అని గుమ్మంలోనే నిలబడ్డాడు.

“లోపలికి రా దస్తగిర్ భాయ్.”

కూర్చోలేదు. పేపరు విప్పి, వరదల వార్తలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. క్వైట్ ఎ ఫ్యూ కుటుంబాల ఇళ్లు కూలాయి, శిబిరాలు చాలక బడులు కూడా తెరిచారు అని ఉంది.

“కొద్దిమంది ఇండ్లే కూలితే శిబిరాలు ఎందుకు చాలలే సార్? బడులెందుకు తెరిచిన్రు?”

“కొద్దిమంది అని ఎవరన్నారు? క్వైట్ ఎ ఫ్యూ అంటే చాలామందే.”

“ఫ్యూ అంటే కొద్ది గద?”

నేను పంతులు ధోరణిలోకి పోయాను. వట్టి ‘ఫ్యూ’ అంటే దాదాపు లేరనే. ముందర ‘ఎ’ చేరిస్తే కొందరున్నారని. ‘ఓన్లీ ఎ ఫ్యూ’ అంటే ఏదో కొద్దిమందే. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే మాత్రం తిరగబడుతుంది, బాగానే ఉన్నారని. “మన దగ్గర పెండ్లికి ఎంతమంది వచ్చిన్రంటే ‘తక్కువేం రాలే’ అంటరు చూడు. తక్కువ అన్న మాట ఉన్నదని తక్కువ వచ్చినట్టు కాదు గద. ఇదీ అట్లాంటిదే.”

ఆయన మొహంలో రంగు మారింది. “అచ్ఛే ఖాసే లోగాఁ” అన్నాడు మెల్లగా, తనలో తను. చెప్పుకోదగ్గంతమంది అని. ‘క్వైట్ ఎ ఫ్యూ’కు అంతకంటే సరైన అర్థం నేను ఈనాటికీ చెప్పలేను.

అప్పుడు కూర్చున్నాడు. కూర్చుని మిరుదొడ్డి ఉత్తరం సంగతంతా చెప్పాడు. ఫిబ్రవరి నుంచి ఆగస్టుదాకా ఆరు నెలలు. తను రాసిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను ఆయనకు ఇచ్చిన సలహా మంచిది కాదు. “అయిందేదో అయింది. ఇప్పుడు బయట పెడితే నీ అన్నానికే దెబ్బ. డాక్టరమ్మకు నేను ఒక ఉత్తరం రాస్త, వచ్చే ఏడు మళ్ల అడగమని. తప్పు సంగతి మనిద్దరి మధ్యనే ఉంటది” అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఉత్తరం రాయున్రి సార్. కానీ నాగేశం సేట్‌కు నేనే చెప్పాలె. ఆయన నా కాగితం నమ్మి కాదన్నడు.”

ఆ రోజే పోదామన్నాడు. నేను కాలేజీకి సెలవు పెట్టి వెంట పోయాను. నాగేశం దుకాణంలో గద్దె మీద ఎవరికో చీరలు చూపిస్తున్నాడు. బేరం అయ్యేదాకా మేం ఒక పక్కన కూర్చున్నాం. తర్వాత దస్తగిర్ లేచి నిలబడి, చేతులు ముందు కట్టుకుని చెప్పాడు.

“సేట్, ఎండకాలం ముంగట మిరుదొడ్డి డాక్టరమ్మ ఉత్తరం నాకిచ్చిన్రు. నేను తప్పు రాసిన. ఆమె శానమందికి దగ్గున్నదని రాసింది. నేను కొద్దిమందికని రాసిన.”

నాగేశం ఆయన వైపు, నా వైపు చూశాడు. “ఎవలన్నరు తప్పని?”

“సార్ చెప్పిన్రు. కానీ పట్టుకున్నది నేనే.”

“ఇంకెవలకు ఎరుక?”

“ఎవలకు లేదు.”

“అయితే ఊకో. నీకు మంచిది, మాకు మంచిది. సంఘం బేవకూఫ్ అయినట్టు ఊరందరికి చాటుడెందుకు?”

“నేను ఊకుంట సేట్. మిరుదొడ్డిల దగ్గు ఊకుంటదా?”

దుకాణంలో పనిచేసేవాళ్లు బట్టలు మడవడం ఆపి చూశారు. నాగేశం కొంచెంసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆయన అడిగిన తర్వాతి ప్రశ్న వ్యాపారి అడగాల్సిన ప్రశ్నే. “శానమంది అంటివి. అంటే ఎంతమంది?”

దస్తగిర్ నా వైపు చూశాడు. ఇరవై కావచ్చు, వంద కావచ్చు. ఆ మాటలో అంకె లేదు.

“చూసినవా? పోయినసారి కొద్దిమందంటివి, ఇప్పుడు శానమందంటివి. రేపు ఇంకొగలొచ్చి అటూ గాదు ఇటూ గాదు, నడుమంత్రం అంటరు. మాటల మీద నేను జీపు ఎట్ల నడిపిస్త? లెక్క పట్టుకొని రా, సంఘంల పెడత.”

ఆయన తోసిపుచ్చడానికే అట్లా అన్నాడని నేననుకున్నాను. దస్తగిర్ అట్లా అనుకోలేదు. బయటికి రాగానే పక్క దుకాణంలో ఒక లాంగ్ బుక్కు కొన్నాడు.

మరుసటి ఆదివారం ఇద్దరం బస్సులో మిరుదొడ్డి పోయాం. మొదటి వాడలోనే మూడిళ్ల వాళ్లు మమ్మల్ని చూసి చాటలు తీసుకుని లోపలికి పోయారు. పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల వాళ్లేనని అప్పట్లో అందరికీ భయం. నాలుగో ఇంట్లో మల్లమ్మ అనే ఆమె మాత్రం అరుగు మీదనుంచి కదల్లేదు. యాభై దాటిన మనిషి. మేం వచ్చిన పని చెప్తున్నా ఆమె కత్తెర ఆగలేదు.

“దగ్గు లెక్క నీకెందుకు సాయెబూ? నువ్వేమన్న డాక్టరువా?”

ఏదో ఒక సాకు చెప్తాడేమోనని నేను చూస్తున్నాను. దస్తగిర్ అరుగు కింద నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

“కాదు అక్కా. మాఘమాసంల ఒక డాక్టరమ్మ వచ్చి మిమ్ముల జూసింది గద. ఆమె జీపుల మందులు తెస్తనన్నది. మీల శానమందికి దగ్గున్నదని రాసింది. ఆ కాగితం నేను తెలుగుల తప్పు రాసిన. కొద్దిమందికే అని రాసిన. గందుకే జీపు రాలే.”

కత్తెర ఆగింది.

“నువ్వు రాసినందుకే రాలేదా?”

“అవును.”

మల్లమ్మ చాట పక్కన పెట్టి, ఒళ్లోని తంబాకు దులుపుకుంది. “మా అక్క రాజవ్వ. ఈ అరుగు మీద నా పక్కనే కూసుండి చేస్తుండె. డాక్టరమ్మ అక్క వీపుకు గొట్టం పెట్టి చూసి, మళ్ల వస్తనన్నది. వస్తదని అక్క రోజు బస్సు చప్పుడు వినుకుంట కూసున్నది. రోహిణి కార్తెల పోయింది.”

ఆ జీపు వచ్చి ఉంటే రాజవ్వ బతికేదని ఎవరూ చెప్పలేరు. బతికేది కాదనీ చెప్పలేరు. అటువంటి చోట ఏం మాట్లాడాలో ఏ చదువూ నేర్పదు. దస్తగిర్ తల వంచుకున్నాడు. కళ్ల నీళ్లు పుస్తకం అట్ట మీద పడుతుంటే చొక్కా చేతితో తుడిచాడు.

మల్లమ్మ ఆయన్నట్లా చూసి, చివరికి అంది. “రాసుకో. మొదాలు మా అక్క పేరు రాయి.”

“ఆమె లేదంటివి గద అక్కా.”

“నువ్వు తప్పు రాసిన దినం ఉండె గద. రాయి.”

ఆయన రాశాడు. మొదటి పేజీలో మొదటి వరుసలో రాజవ్వ పేరు. మల్లమ్మ లేచి, చెంగు నడుముకు దోపుకుని, మా ముందు నడిచింది. “ఆపరేషనోళ్లు గాదు, దగ్గు లెక్కోళ్లు, బయటకు రాన్రి” అని ఆమె పిలుస్తుంటే మూసుకున్న తలుపులు తెరుచుకున్నాయి.

నేను రెండు ఆదివారాలు మాత్రమే పోగలిగాను. ఆయన ఆరు ఆదివారాలు పోయాడు. మూడోసారి నుంచి భార్య గౌసియా బేగం కూడా వెంట పోయింది. ఆడవాళ్లు నెత్తురు పడుతున్న సంగతి, రాత్రిళ్లు చెమటలు పట్టే సంగతి మగవాడికి చెప్పడానికి వెనకాడుతున్నారని ఆయన ఇంట్లో అంటే, “నేనొస్త పదున్రి” అందట. అంతకుముందు ఆమె సిద్దిపేట దాటి పోయింది పుట్టింటికే. ఆమె ఆ ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లతోపాటు నాలుగు ఆకులు కత్తిరిస్తూ మాట్లాడేది. వాళ్లు చెప్పింది వచ్చి భర్తకు చెప్తే ఆయన రాసుకునేవాడు. ఎన్నాళ్ల నుంచి దగ్గు, నెత్తురు పడుతుందా లేదా, బరువు తగ్గారా, బీడీలు చేయబట్టి ఎన్నేళ్లు. ఏ ప్రశ్నలు అడగాలో డాక్టర్ సులోచనే నాకు రాసిన జవాబులో పంపింది. ఆ జవాబులో దస్తగిర్ మీద ఒక్క పరుషమైన మాట లేదు. నేనే అంకె వేయవలసింది అని రాసింది.

దసరా తర్వాత సంఘం సమావేశంలో దస్తగిర్ లెక్క చదివాడు. బీడీలు చేసే ఆడవాళ్లు రెండు వందల పన్నెండు మంది. మూడు నెలలకు పైబడిన దగ్గు ఉన్నవాళ్లు ఎనభై ఏడుగురు. అందులో నెత్తురు పడుతున్నవాళ్లు తొమ్మిదిమంది. చదివి, పుస్తకం మూయకుండా, “పేర్లు మొత్తం ఎనభై ఎనిమిది ఉన్నయి. మొదటి పేరు గలామె చనిపోయింది. ఆమె నా తప్పు నడుమ చనిపోయింది” అన్నాడు. నాగేశం చేయి చాచి పుస్తకం తీసుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ పేర్లన్నీ తనలో తను చదువుకున్నాడు. చాలా సమయం పట్టింది. ఆ తర్వాత, “జీపు నాది పెడత. డ్రైవరు, మందులు సంఘం చూసుకోవాలె” అన్నాడు.

ఎనభై ఏడు జనవరి మొదటి గురువారం డాక్టర్ సులోచన జీపులో మిరుదొడ్డి వెళ్లింది. మొదటి నాలుగు నెలలూ చీటీలు రాయడానికి దస్తగిర్ కూడా పోయాడు. గురువారం ఆయన మిషను మూతవేసి ఉండేది. ఎనభై ఏడుగురిలో పద్నాలుగు మందికి క్షయ అని తేలింది. వాళ్లకు పెద్దాసుపత్రి నుంచి మందులు ఇప్పించి, మానకుండా మింగేట్టు చూసే పని మల్లమ్మ నెత్తిన వేసుకుంది. పదమూడు మంది కోలుకున్నారు. ఆ జీపు అయిదేళ్లు నడిచింది. రాను రాను అక్కునూరు వైపు ఊళ్ల వాళ్లు కూడా గురువారం వచ్చి కూర్చునేవారు.

అన్నీ సుఖంగా జరిగాయని కాదు. సంఘం సమావేశం మర్నాడే తప్పు సంగతి ఊరంతా పాకింది. కచేరి దగ్గర కొందరు ఆయన్ను ‘బిల్కుల్ థోడే’ అని పిలవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు రానివాడి దగ్గర అర్జీ ఎందుకని కొందరు బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయారు. ఆరేడు నెలలు రెండో కుర్చీ చాలాసార్లు ఖాళీగానే కనిపించింది. గౌసియా బేగం ఆ రోజుల్లో రజాయిలు కుట్టింది. ఆయన నాతో ఆ సంగతి ఎత్తలేదు. ఆమె నా భార్యతో చెప్తే తెలిసింది.

మళ్లీ మనుషులు వచ్చిన తీరు కూడా చెప్పాలి. మొదట వచ్చింది నాగేశమే. ఒక పెద్ద కంపెనీతో సరుకు తగాదా, ఇంగ్లీషు ఉత్తరాలు. “తప్పు రాస్తే వచ్చి చెప్తడు. నాకు గసొంటోడు కావాలె” అని దుకాణంలో పదిమంది వినేట్టు అన్నాడు. కుకునూరుపల్లి, అక్కన్నపేట నుంచి కూడా మనుషులు మెల్లగా మళ్లీ రాసాగారు.

మా ఇద్దరి మధ్య ఆదివారం సాయంత్రాల చదువు అప్పుడే మొదలైంది. చదువు అని నేనంటున్నాను గానీ ఎవరు ఎవరికి చెప్పారో తేల్చడం కష్టం. ఇంగ్లీషులో ‘ఎంత’ అని చెప్పే మాటలన్నీ ఆయన ఒక పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఒక్కో మాటకు ఎదురుగా తెలుగు, ఉర్దూ, ఒక వాక్యం. హార్డ్లీ అంటే కష్టపడి అని కాదు, దాదాపు లేదని. కష్టపడ్డానని చెప్పుకోబోయి ‘హార్డ్లీ వర్క్’ అని రాసినవాడు తనకు తానే ఉద్యోగం పోగొట్టుకుంటాడని అక్కడ రాసుకున్నాడు. ఫెయిర్లీకి, రాదర్‌కు తేడా ఏమిటని ఒకనాడు అడిగాడు. మంచికి ఫెయిర్లీ, మంచిది కానిదానికి రాదర్ వాడతారని నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “అంటే ఛాయ్ ఫెయిర్లీ హాట్ అంటే తాగొచ్చు, రాదర్ హాట్ అంటే నోరు కాలుతది” అన్నాడు. ఆ ఉదాహరణ నేను ఇరవై ఏళ్లు క్లాసులో చెప్పాను.

ఆయన్ను అన్నిటికంటే వేధించింది ‘క్వైట్’. ‘క్వైట్ ఫుల్’ అంటే నిండా. ‘క్వైట్ గుడ్’ అంటే ఫరవాలేదు. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే చాలామంది. ఒకే మాట మూడు కొలతలు ఎట్లా అయిందని అడిగితే నాకు జవాబు తెలియలేదు. తెలియదనే చెప్పాను. ఆయన ఆ పేజీలో సగం ఖాళీ వదిలి పెట్టాడు.

తొంభై నాలుగులో ఆ పుస్తకం నూటా అరవై పేజీలైంది. మా కాలేజీ పిల్లలకు పనికొస్తుందని నేను పట్టుబట్టి, స్టెన్సిళ్లు కోసి, సైక్లోస్టైల్ మిషను మీద రెండు వందల ప్రతులు తీయించాను. స్టెన్సిళ్లన్నీ ఆయనే టైపు చేశాడు. మొదటి పేజీలో ‘కూర్చినవారు: షేక్ దస్తగిర్, జాబ్ టైపిస్టు’ అని నేను వేయబోతే వద్దన్నాడు. పేరుంటేనే అడగడానికి ఎవరైనా వస్తారని నేనంటే అప్పుడు ఒప్పుకుని, కింద తనే ఒక వాక్యం చేర్చాడు: ‘తప్పులున్నచో దయచేసి వచ్చి చెప్పగలరు.’

నిజంగానే వచ్చారు. రెండేళ్లలో పదకొండు మంది. ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు బడిపంతుళ్లు, మిగిలినవాళ్లు మా పిల్లలే. వాళ్లు చూపించిన వాటిలో నాలుగు నిజమైన తప్పులు. అప్పటికి మా దగ్గర అరవై ప్రతులు మిగిలి ఉన్నాయి. ఆయన వాటినన్నిటినీ ఇంటికి మోసుకుపోయి, వారం రోజులు కూర్చుని, ప్రతిదానిలో ఆ నాలుగు చోట్లా ఎర్ర సిరాతో దిద్ది తెచ్చాడు. అమ్ముడుపోయిన ప్రతుల సంగతేమిటని నేను అడగలేదు. ఆయనే జేబులోంచి ఒక కాగితం తీశాడు. కొన్నవాళ్ల పేర్లు, వీధులు అందులో రాసి ఉన్నాయి. సగం మంది ఇళ్లకు అప్పటికే పోయి వచ్చాడు.